ముఖపూరకములు – వాని మన్నిక

యౌవనమున నిండుగా నుండిన చెక్కిళ్లు వయస్సు మీఱినకొలది లోనికి పోవుటయు, ముక్కు ప్రక్కలనుండి పెదవుల కొనలవఱకు మడతలు పడుటయు, పెదవులు పలుచనగుటయు మానవుల కెల్లరకు సహజములు. చర్మము క్రింది క్రొవ్వు తగ్గుట, దాని యడుగుననున్న యెముక కొంత యరుగుట, చర్మమునకు బిగువునిచ్చు తంతువులు సడలుట యను నీ మూడును దీనికి ముఖ్యకారణములు. ఈ లోటును సూదిద్వారా ఏదేని పదార్థము నెక్కించి పూడ్చు పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. ఆ పదార్థములను వైద్యులు ఫిల్లర్లందురు. మేమీ వ్యాసమున పూరకములందుము. హైదరాబాదు, విశాఖపట్నము మొదలగు మన నగరములందును ఈ చికిత్సచేయు వైద్యశాలలు వెలసినవి. వీనిని గోరువారు సాధారణముగా నడుగు ప్రశ్న యొక్కటి గలదు: "ఇది యెంతకాలము నిలుచును?" ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నూటముప్పదియేండ్లుగా వైద్యులును, రోగులును దీనినే యడుగుచు వచ్చిరి. దొరకిన సమాధానములు మాత్రము పలుమాఱులు మాఱినవి. ఆ మార్పుల చరిత్రను చదువరులముందుంచుటయే మా యుద్దేశము.

ఈ విద్య అలంకారమునకై పుట్టినది కాదు. 1893వ సంవత్సరమున న్యూబర్ అను జర్మను శస్త్రవైద్యుడు, క్షయవ్యాధి యెముకను తినివేయుటచే ముఖమున గుంటపడిన రోగికి, అతని చేతినుండియే కొంత క్రొవ్వును తీసి ఆ గుంటయందు నింపెను. శరీరములోని పదార్థమే కనుక శరీరము దానిని ద్వేషింపలేదు. కాని క్రొవ్వుకూడ జీవకణముల సముదాయమే గదా! క్రొత్తచోట దానికి రక్తము అందవలెను. అందనిచో కణములు చచ్చును, శరీరము వానిని హరించును. పెద్దముక్కలకంటె చిన్నముక్కలే చక్కగా నిలుచునని న్యూబరు గ్రహించెను. పూరకము మన్నికనుగూర్చి వైద్యలోకము నేర్చిన మొదటిపాఠ మిది: పెట్టినదంతయు నిలువదు, నిలుచుట నిలువకపోవుట మన చేతిలోనే గాక శరీరము చేతిలోను గలదు.

క్రొవ్వు కొంత హరించిపోవుట చూచినవారికి, హరింపని పదార్థ మేదైన దొరకిన బాగుండునను నాశ పుట్టుట సహజము. 1899లో వియన్నా నగరమున రాబర్ట్ గెర్సునీ అను వైద్యుడు వ్యాసలీనును వాడి చూచెను. ఆయన మొదటి రోగియు క్షయవ్యాధివలన శస్త్రచికిత్స పొంది యొక అవయవమును గోల్పోయిన యువకుడే. ఆ ప్రయోగము సఫలమైనట్లు తోచుటతో వార్త యూరపుఖండమంతట ప్రాకెను. అణగిన ముక్కులకు, గుంటలు పడిన చెక్కిళ్లకు, ముడుతలకు, వ్యాసలీనును దానికంటె గట్టిదగు పారఫిన్ మైనమును కరగించి యెక్కింపసాగిరి. సులభము, చౌక, కత్తితో పనిలేదు. అన్నిటికి మించి యది శాశ్వతమని ప్రతీతి.

శాశ్వతమనుట యబద్ధము కాదు; అందులోనే అపాయము దాగియున్నది. మైనమును విఱుగగొట్టు ఎంజైమేదియు మానవశరీరమున లేదు. శరీరరక్షకకణములు తాము జీర్ణింపజేయలేని పరపదార్థమును చూచినపుడు ఒండొంటితో గూడి దానిని చుట్టుముట్టును. దానిచుట్టు నారవంటి గట్టికణజాలము పేరుకొనును. అట్లు ఏర్పడిన గడ్డలకు వైద్యులు పారఫినోమా యని పేరిడిరి. అవి కొందఱికి నెలలలోను, కొందఱికి ఏండ్లు గడచిన పిదపను బయలుదేరెను. మైనము కణజాలముతో నల్లుకొనిపోవుటచే దానిని తీయవలెనన్న చుట్టునున్న మాంసమునుకూడ కోయవలసివచ్చెను. కొన్నియెడల మైనము రక్తనాళమున ప్రవేశించి కంటిచూపును హరించెను. 1911లో న్యూయార్కునుండి కోల్ అను వైద్యుడు ప్రకటించిన శస్త్రచికిత్సాగ్రంథమున ఈ పద్ధతివలన గలుగు అనర్థముల పట్టికయే దీర్ఘముగా నున్నది.

ఈ వెఱ్ఱికి లోనైనవారిలో ప్రసిద్ధురాలు గ్లాడిస్ డీకన్. అసాధారణసౌందర్యవతియని యూరపంతట పొగడ్తలనందిన యీమె, ఇరువదియేండ్లు దాటిన క్రొత్తలోనే తన ముక్కు ప్రాచీన గ్రీకుశిల్పముల ముక్కువలె నుండవలెనని మైనము నెక్కించుకొనెను. ఆ మైనము కాలక్రమమున జాఱి ముఖమును వికృతపఱచినది. ఆమె 1921లో మార్ల్‌బరో ప్రభువును వివాహమాడెను, 1977వఱకు జీవించెను. కొఱతయే లేని ముఖమునకు కొఱత తెచ్చుకొన్న యామె కథను తలచినపుడు, కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక యూడినదను మన సామెత జ్ఞప్తికి రాకమానదు. 1920 ప్రాంతమునాటికి పాశ్చాత్యవైద్యులు పెక్కుమంది మైనమును విడిచిరి.

అయినను ఆశ చావలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము సిలికోన్ అను ద్రవము ఆ స్థానము నాక్రమించినది. జపానునందును, పిదప అమెరికాయందును దానిని ముఖములకు, వక్షములకు ఎక్కించిరి. ఇది రసాయనికముగా నిశ్చలమైనది గనుక శరీరమునకు కీడుచేయదని తలంచిరి. కాని నిశ్చలమగుట వేఱు, నిరపాయమగుట వేఱు. శుద్ధముకాని సరకును, ఇతరతైలములు కలిపిన సరకును వాడుటచే కీడు మఱింత హెచ్చెను. గడ్డలు కట్టుట, ద్రవము వేఱుచోటికి ప్రాకుట, చర్మము కుళ్లుట మైనముకాలమునాటి కథయే మఱల నడచినది. అమెరికా ఆహారౌషధ పాలనాశాఖ ముఖమును గాని దేహమును గాని తీర్చుటకు ద్రవసిలికోన్ సూదిమందును అంగీకరింపలేదు.

ఇట్లు రెండుతరములు దెబ్బతిన్న పిదప వైద్యశాస్త్రము త్రోవ మార్చినది. "శరీరము హరింపలేని దేది?" యని వెదకుట మాని, "శరీరము తనదిగా నెఱిగి, మెల్లమెల్లగా హరించున దేది?" యని వెదకుట మొదలిడెను. ఈ చరిత్రయంతటిలో ఇదియే గొప్పమలుపని మా యభిప్రాయము. అమెరికాలోని స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1970-80 నడుమ జరిగిన పరిశోధనల ఫలితముగా, పశుచర్మమునుండి తీసి శుద్ధిచేసిన కొల్లాజెన్ అను మాంసకృత్తు పూరకముగా వచ్చెను. చర్మమునకు బిగువు నిచ్చునది కొల్లాజెనే. జైడర్మ్ అను పేర దానికి 1981లో అమెరికా ప్రభుత్వము అనుజ్ఞ యొసగెను. కాని యది పశువులది యగుటచే నూటికి ముగ్గురి ప్రాంతమున పడకుండెడిది. అందుచే కొన్నివారములముందు ముంజేతిపై పరీక్షింపవలసి వచ్చెడిది. మఱియు కొల్లాజెనును కోయు ఎంజైము మన శరీరమున సహజముగా నుండుటచే, మూడునాలుగు నెలలకే పూరణము కరగిపోయెడిది. అణువులను రసాయనబంధములతో ముడివేసిన మఱియొక రకము 1985లో వచ్చి కొంత యెక్కువకాలము నిలిచెను. ముడులు వేసిన మన్నిక హెచ్చునను సూత్రము ఇచట నేర్చినదే. తరువాతి పూరకమునకు ఇదియే పునాది.

ఆ తరువాతి పూరకము హయలూరోనిక్ ఆమ్లము. దీనిని 1934లో కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు ఆవుకంటిలోని గాజువంటి ద్రవమునుండి వేఱుచేసిరి. గాజునకు గ్రీకుభాషలో గల పదమునుండియే దాని పేరు పుట్టినది. ఇది రెండు చక్కెరలు ఒకదానివెంట నొకటిగా గ్రుచ్చబడిన పొడుగైన హారమువంటి అణువు. నీటిని మిక్కిలిగా పట్టియుంచును. ఏ జంతువునుండి తీసినను దీని నిర్మాణ మొక్కటియే గనుక, శరీరము దీనిని పరాయిదిగా నెంచుట అరుదు. ఎండ్రి బలాజ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజు తలపైని యెఱ్ఱనిజుట్టునుండి దీనిని శుద్ధిచేయు మార్గము కనుగొనగా, మొదట కంటిశస్త్రచికిత్సలో ఉపయోగపడెను. పిమ్మట సూక్ష్మజీవులచే పులియబెట్టి తయారుచేయు విధానము వచ్చినది. స్వీడను దేశమున తయారైన రెస్టిలేన్ అను పూరకము 1996లో యూరపునందు వాడుకకు వచ్చెను. 2003 డిసెంబరులో అమెరికాలో అనుజ్ఞ పొందెను. నేడు లోకమున మిక్కుటముగా వాడుకలో నున్న పూరకము లీ జాతివే.

ఇక మన్నిక మాటకు వత్తము. డెబ్బది కిలోగ్రాముల బరువుగల మనుష్యుని దేహమున సుమారు 15 గ్రాముల హయలూరోనిక్ ఆమ్లముండును. అందు మూడవవంతు ప్రతిదినము విఱిగి, క్రొత్తది పుట్టుచుండును. హయలూరోనిడేజ్ అను ఎంజైము దీనిని కోయును. కాబట్టి సహజరూపముననే దీనిని ముఖమున నెక్కించినచో కొలదిదినములలో మాయమగును. ఆ హారములను అడ్డుబంధములతో ముడివేసి వలవలె నల్లినపుడు ఎంజైమునకు లోపలికి త్రోవ దొరకదు. పైపైనుండి నెమ్మదిగా కోయవలసివచ్చును. విడిత్రాళ్లు తేలికగా తెగును. వాటినే నులకమంచమువలె బిగించి యల్లిన తెగుట ఆలస్యమగును. దినములలో పోవలసినది నెలలకొలది నిలుచుటకు రహస్య మిదియే.

ఈ యల్లిక బిగువునుబట్టియు, ద్రవ్యము చిక్కదనమునుబట్టియు, పెట్టినచోటునుబట్టియు కాలము మాఱును. నిరంతరము కదలు పెదవులందు ఆఱునెలల నుండి యొక యేడాదివఱకును, ఎముకనానుకొని లోతుగా పెట్టిన చెక్కిళ్లయందు కొన్ని రకములు రెండేండ్లవఱకును నిలుచునని చెప్పుదురు. మనిషికిని మనిషికిని భేదముండును. అంతియేగాక, పూరకము చుట్టునున్న చర్మమును సాగదీయుటచే అచటి కణములు స్వయముగా క్రొత్త కొల్లాజెనును పుట్టించునని 2007లో మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి. కావున మందు కరగిన పిదపను కొంత ఫలము మిగిలియుండవచ్చును. ఇటీవల అయస్కాంతశక్తితో తీసిన దేహాంతర్భాగచిత్రములలో, కొందఱి ముఖములందు పూరకము అనుకొన్నదానికంటె మిక్కిలి యెక్కువకాలము, పలువత్సరములు, మిగిలియున్నట్లును కనబడినది. కంటికి పలుచబడినట్లు తోచుటయు, లోపల కరగిపోవుటయు ఒక్కటి కాదని దీనివలన తేటపడుచున్నది. కరగెనను తలంపుతో మాటిమాటికి నింపించుకొనువారి ముఖములు ఉబ్బి సహజరూపమును గోల్పోవుట కిదియొక కారణము కావచ్చును.

ఇతరజాతుల పూరకములును గలవు. ఎముకలలోని ఖనిజమును బోలిన కాల్షియము రేణువులతో చేసినది 2006లో అమెరికాలో అనుజ్ఞ పొందెను. అది సుమారొక యేడాది నిలుచును. పాలిలాక్టిక్ ఆమ్లముతో చేసినది 2004లో ఎయిడ్స్ వ్యాధికారకమగు హెచ్.ఐ.వి. సోకి చెక్కిళ్లు క్రుంగిపోయినవారికై అంగీకృతమైనది. ముఖమును చూడగానే లోకము తమ వ్యాధిని గుర్తించునను భయముతో నింట దాగినవారికి అది మఱల నలుగురిలో తిరుగు ధైర్యమిచ్చినది. న్యూబరు రోగినుండి వీరివఱకు, ఈ చికిత్సకు ధర్మమైన ప్రయోజనము గలదని మేము మఱవరాదు. దీనినంతయు విలాసమని త్రోసివేయుట న్యాయము కాదు.

అయితే కరగు పూరకమును గూడ నిర్భయముగా వాడదగినది కాదు. ముఖమున రక్తనాళములు దట్టముగా నున్నవి. సూది రక్తనాళమున దిగినచో మందు దానిని మూసివేయును. చర్మము చచ్చుట, చూపు పోవుట, పక్షవాతము వచ్చుట సంభవించును. 2015లో అమెరికా ఆహారౌషధ పాలనాశాఖ ఈ యపాయమునుగూర్చి ప్రత్యేకముగా హెచ్చరించినది. కనుబొమల నడిమిభాగమును, ముక్కును మిక్కిలి ప్రమాదస్థలములు. హయలూరోనిక్ ఆమ్లమైనచో హయలూరోనిడేజును వెంటనే యెక్కించి కరగించుటకు వీలుగలదు. తక్కిన పూరకములకు అట్టి విరుగుడు లేదు. ఆ విరుగుడును చెంతనుంచుకొని, దానిని వాడుట తెలిసిన వైద్యునియొద్దనే తప్ప, అందముదిద్దు దుకాణములలో నీ సూదిని వేయించుకొనరాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మఱలి వత్తము. "ఎంతకాలము నిలుచును?" అని యడుగువారి మనస్సున, ఎంత యెక్కువకాలము నిలిచిన అంత మేలను నూహ గలదు. బట్టనుగూర్చియో పాత్రనుగూర్చియో అది సత్యము. కాని నూటముప్పదియేండ్ల చరిత్ర ముఖమువిషయమున దీనికి విరుద్ధముగా చెప్పుచున్నది. ఎన్నటికిని పోదనిన మైనమును సిలికోనును ముఖములను చెఱచినవి. నాలుగునాళ్లకు పోవు ద్రవ్యములే నిలదొక్కుకొన్నవి. ఏలయన ముఖము నిలుకడగా నుండునది కాదు. ఏటేట ఎముక తగ్గును, క్రొవ్వు జాఱును, చర్మము సడలును. ముప్పదవయేట నమర్చిన శాశ్వతపదార్థము అఱువదవయేట తనచుట్టునున్న ముఖము మాఱిపోగా తానొక్కటియే మాఱక మిగులును. కావున "ఎంతకాలము నిలుచును?" అనుదానికి ముందు "తప్పు జరిగిన దీనిని తీయవచ్చునా?" యని యడుగుట వివేకము.

మఱియొక్క మాట. పెండ్లిచూపులనాడు పిల్ల ముక్కును, చెక్కిలిని, రంగును వెలకట్టు నాచారము మనయిండ్లలో నింకను పూర్తిగా పోలేదు. ఇరువదియేండ్ల బిడ్డ, లోపమేమియు లేని తన ముఖమును సూదిక్రింద పెట్టుటకు సిద్ధపడినచో, ఆ కోరిక యామెదేనా, లేక చూడవచ్చినవారి మాటలు, ఇంటివారి నిట్టూర్పులు ఆమెనోట పలికించినదా యని విచారించుట పెద్దల విధి. గుంటపడిన చెక్కిలిని నింపు మందు వైద్యులయొద్ద గలదు. పిల్లల మనస్సులలో మనము త్రవ్విన గుంటను నింపు మందు ఏ సూదియందును లేదు. అది త్రవ్వకుండుట మాత్రము మన చేతిలోని పని.