తండా ఆడపడుచుల వెండి: ఆటకు తాళం, ఆపదకు పొదుపు

మన పొదుపు లెక్కలతో పాటు, సంఘాలు పుట్టకముందే ఉన్న ఒక పొదుపు చరిత్రను కూడా ఇక్కడ రాసుకుంటున్నాం.

లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన వర్తకులు. మొగలు సైన్యాలకు కూడా తిండిగింజలు చేరవేశారు. ఒకచోట నిలవని బతుకు కాబట్టి కూడబెట్టింది ఆడవాళ్ల ఒంటిమీదే ఉండేది. చెంపల పక్కన జడకు కట్టే ఘుగ్రి, మెడకు హాస్లి, కాళ్లకు కడియాలు, అన్నీ వెండివే.

ఈ నగలు ఆటలోనే పలుకుతాయి. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ చప్పట్లు కొడుతుంటే ఘుగ్రి ఊగుతుంది, మువ్వలు తాళం వేస్తాయి. మువ్వను బిగించి అతికిస్తే మోగదు. చిన్న రింగుకు వదులుగా వేలాడదీయాలి. పనితనమంతా అక్కడే ఉంది.

రోడ్లు, రైళ్లు వచ్చి ఎద్దుల వర్తకం పడిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద చాలాచోట్ల వీళ్ల మీద నేరస్థుల ముద్ర కూడా వేశారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. కరువుకో, పెళ్లికో కుదువపెట్టిన వెండి వడ్డీల కింద పోయింది. దాని చోట జర్మన్ సిల్వర్ వచ్చింది. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, పేరుకే సిల్వర్.

పాత నగ అమ్మితే తూకానికే డబ్బులిస్తారు, చేతిపనికి పైసా రాదు. అందుకే అక్కలారా, అమ్మే ముందు సంఘం మీటింగులో ఒక్క మాట చెప్పండి. అప్పు మనమే ఇచ్చుకుందాం, నగ ఇంట్లోనే ఉంటుంది.