ముంగిట పూలకుండీ

ఉగాది నాడు మన ఇండ్లకు మామిడి తోరణం, గడపకు పసుపు కుంకుమ, వాకిట ముగ్గు ఉండి తీరవలసినవే. వాటి సరసనే మరొకటి కూడా కనబడుతుంది. అది పూలకుండీ. రాయగడలో గాని, కోరాపుట్‌లో గాని తెలుగువారి ఇంటికి గుర్తు చెప్పవలసివస్తే, వసారాలో తులసి, దాని ప్రక్కన నాలుగు డబ్బాలలో కనకాంబరం, మరువం, బంతి ఉన్న ఇల్లని చెప్పవచ్చు. తోరణానికి శాస్త్రమున్నది, ముగ్గుకు సంప్రదాయమున్నది. పాపము, కుండీ చరిత్రను పట్టించుకొనేవారు తక్కువ. మాకు తెలిసినంతమేరకు దానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మొక్కను నేలనుండి వేరుచేసి, మట్టితో సహా మోసుకొనిపోవడం మానవునికి చాలా పాత అలవాటు. క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన హత్షెప్సుత్ రాణి పుంట్ దేశానికి ఓడలను పంపి, సాంబ్రాణి జాతి చెట్లను వేళ్లతోనే బుట్టలలో తెప్పించింది. ఆ బుట్టలను మోసుకొని వస్తున్న మనుష్యుల బొమ్మలు ఆమె ఆలయపు గోడలపై నేటికీ ఉన్నాయి. మనకూ ఇటువంటిది లేకపోలేదు. పెండ్లిలో మట్టి మూకుళ్లలో పుట్టమన్ను పోసి నవధాన్యాలు చల్లి మొలిపించే పాలికలు కుండీ సేద్యం కాక మరేమిటి? తులసికోట సంగతి చెప్పనక్కరలేదు. ఇంటి ముందు మొక్కకు ఒక పీఠం కట్టి, దీపం పెట్టి, దానిని ఇంటి మనిషిగా చూచుకొన్న జాతి మనది.

ఐతే ఆ కోట చుట్టూ నేడు మనం పెంచుకొనే పూలలో మన దేశంలో పుట్టినవి ఎన్ని? కనకాంబరం దక్షిణ దేశపుదే. బంతి మాత్రం మెక్సికో దేశపు మొక్క. చంద్రకాంత కూడా అమెరికా ఖండంనుండి వచ్చినదే. బిళ్లగన్నేరు మడగాస్కర్ ద్వీపానిది. కాగితపు పూల తీగను 1767లో బ్రెజిల్ దేశంలో ఒక ఫ్రెంచి ఓడ మీది వృక్షశాస్త్రజ్ఞుడు చూచి, ఆ ఓడల నాయకుడైన బూగన్‌విల్ పేరు పెట్టినాడు. ఇవి లేకుండా నేడు మన గుమ్మం లేదు, బంతి లేకుండా మన పండుగే లేదు. పరదేశపు మొక్క తరతరాలుగా ఒకచోట పూస్తే అది ఆ చోటిదే అవుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఈ రాకపోకలలో మన తెలుగుగడ్డకు కూడా ఒక పాత్ర ఉన్నది. 1781 మొదలు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, మిరియాలు, కాఫీ వంటి మొక్కలను పెంచి చూచినాడు. దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించినాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లినాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన అతని గ్రంథం 1795నుండి భాగాలుగా వెలువడినది. ఆ కాలంలో ఓడ మీద మొక్కను బ్రతికించడం కష్టం. ఉప్పుగాలికి, మంచినీరు చాలక చాలా మొక్కలు దారిలోనే చచ్చేవి. 1829 ప్రాంతంలో లండను వైద్యుడు నథానియల్ వార్డ్, మూసిన గాజుసీసాలో మొక్క తన తేమతో తానే బ్రతుకుతున్నదని గమనించినాడు. అటువంటి గాజుపెట్టెలలో 1833లో అతడు పంపిన మొక్కలు సిడ్నీకి పచ్చగా చేరినవి. దానితో మొక్కల ప్రయాణం సులువైనది.

ధనవంతుల బంగళాలకు చీనా కుండీలు ఉండేవి. మన వంటివారికి కుండీని ఇచ్చినది కిరసనాయిలు. నాలుగు గ్యాలనుల డబ్బా ఖాళీ కాగానే దానికి పై రేకు కోసి, అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడిస్తే మొక్కకు ఇల్లు సిద్ధం. 1937లో డాల్డా వచ్చిన పిమ్మట దాని డబ్బా కూడా ఈ పనికే వచ్చినది. డబ్బాకు ఎర్రమట్టి పూసి, పైన తెల్ల ముగ్గు చుక్కలు పెట్టిన ఇల్లాలి చేతిలో ఆ రేకు ముక్క అరుగుకే అందం తెచ్చినది.

ఇక మన సంగతి. సభలలో మనలను వలస వచ్చినవారమని చెప్పుకొంటాము. అది సగమే నిజం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ కోరాపుట్ సీమ విశాఖపట్టణం జిల్లాలోని జయపురం సంస్థానపు భూమి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటేటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవవర్మ మహారాజు ఈ జయపురంవారే. కాబట్టి అప్పటికే ఇక్కడ ఉన్న తెలుగువారు ఎక్కడికీ కదలలేదు, ఎల్లయే కదలినది. వారు నేలలో నాటిన చెట్లు. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తైన తరువాత, 1960 దశకంలో కొత్తవలస–కిరండూల్ మార్గం, సునాబెడా విమాన యంత్రాల కర్మాగారం, జేకేపూర్ కాగితపు మిల్లు, తరువాత దామన్‌జోడీ అల్యూమినా కర్మాగారం వచ్చి, వాటి వెంట వచ్చినవారు కుండీలోని మొక్కలు. 1992లో రాయగడ వేరే జిల్లా ఐనది. 1998లో కోరాపుట్–రాయగడ రైలు మార్గం పూర్తై ఈ రెండు ఊళ్లనూ కలిపినది.

మా వంటి రైలు ఉద్యోగులకు క్వార్టరు ముందరి నేల మనది కాదు. బదిలీ ఉత్తర్వు వస్తే విడిచిపెట్టవలసినదే. కుండీలోని మట్టి మాత్రం మనది. సామాను లారీకెక్కించేటప్పుడు చోటు లేదని కుర్చీని వదలిన వారున్నారు గాని తులసిని వదలినవారు అరుదు. ఐతే ఒక మాట ఆలోచించవలెను. కుండీలో వేళ్లు చుట్టలు చుట్టుకొనిపోయిన మొక్క ఎంత నీరు పోసినా ఎదగదు. దానిని పెద్ద కుండీకో, నేలకో మార్చవలెను. మన పిల్లలు ఒడియా బడిలో చదివి, ఒడియా స్నేహితులతో ఆడి పెరుగుతున్నారు. ఇంటిలో తెలుగు అక్షరం, వీధిలో ఒడియా మాట రెండూ వారికి కావలెను. అక్షరం నేర్పకపోతే వేరు ఎండుతుంది. వీధిలోకి పోనీయకపోతే వేరుకు చోటు చాలదు.

ఈ రెంటికీ దారి మన పొరుగువారి ముంగిటనే ఉన్నది. వారు తులసికోటను చౌరా అంటారు. ఏప్రిల్ నడుమ వచ్చే పణా సంక్రాంతి నాడు అడుగున చిల్లి పెట్టిన చిన్న కుండలో నీరు పోసి తులసి పైన వ్రేలాడగడతారు. నెల పొడుగునా చుక్క చుక్కగా నీరు మొక్క మీద పడుతూనే ఉంటుంది. వేసవి నడిమిలో మొక్కను కాపాడే ఇంత చక్కని ఉపాయం మరొకటి లేదు. కొండలలోని పరజ, గదబ మొదలైనవారికి కూడా చైత్రమే పండుగ నెల; మామిడి క్రొత్తకాయను అప్పుడే దేవతకు సమర్పించి తింటారు. మన ఉగాది పచ్చడిలో ఉన్నదీ ఆ కాయయే.

కనుక ఈ ఏడు సోదరీమణులకు మా మనవి. కుండీ అడుగు చిల్లి మీద ఒక పెంకు ముక్క పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పేడ ఎరువు కలిపి నింపండి. రాయగడ ఎండకు ఉదయం, సాయంత్రం నీరు పోయండి. కోరాపుట్ చల్లని మెట్టన మన్ను తడి చూచి పోస్తే చాలును. ఉగాదికి రెండు మొక్కలు ఎక్కువగా పెంచి, ఒకటి ప్రక్క ఇంటి ఒడియావారి గుమ్మంలో పెట్టండి. పణా సంక్రాంతికి చిల్లికుండ కట్టే విధానం వారిని అడిగి నేర్చుకోండి. ఆ నీటికుండను పిల్లలచేతనే నింపించండి.