టేకోవర్ షేరులో ఆప్షన్స్: ట్విటర్ ఉదాహరణ

ఒక కంపెనీని నగదు ఇచ్చి కొంటామని ప్రకటన వస్తే, పోటీ ఆఫర్ రానంతవరకు ఆ ధరే షేరుకు హద్దు. 2022 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ ట్విటర్ షేరుకు 54.20 డాలర్లు ఇస్తానన్నారు. అసలే అమెరికా మార్కెట్ పడిపోతున్న రోజులు. జులైలో ఆయన డీల్ వద్దనడంతో షేరు 33 డాలర్ల దాకా జారింది. షేరుతో పాటు పుట్ కొని పెట్టుకున్నవారికి నష్టం ఒక దగ్గర ఆగింది. పుట్ అమ్మినవారికి మాత్రం వచ్చిన ప్రీమియం కొంచెం, తగిలిన దెబ్బ పెద్దది.

ట్విటర్ డెలావేర్ కోర్టుకెళ్లింది. అక్టోబర్ 27న అదే 54.20కి డీల్ పూర్తయింది. 55 స్ట్రైక్ కాల్ చివరిదాకా పట్టుకున్నవారికి ఏమీ మిగల్లేదు.

ఇలాంటి షేరులో ముందు చూడాల్సినవి రెండు: డీల్ ఆగితే షేరు ఎంతకు పడుతుంది, ఆప్షన్ గడువులోగా డీల్ తేలుతుందా.