కొల్లేటికి గట్లు కట్టిన కాలం

కృష్ణా, గోదావరి డెల్టాలు సముద్రం వైపు పెరుగుతూ పోగా మధ్యలో మిగిలిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద ఇక్కడికొచ్చి పరుచుకుంటుంది. అది కడలికి చేరే దారి ఒక్క ఉప్పుటేరే. అందుకే నీరు నెమ్మదిస్తుంది, ఒండ్రు అడుక్కి దిగుతుంది, పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువుల సత్తువను తుంగ, తామర పీల్చుకుంటాయి.

సముద్రమట్టానికి పదడుగుల ఎత్తున నీరు నిలిస్తే సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఐదడుగులకు 308, మూడడుగులకు 135. ఈ పొంగడం, తగ్గడమే దాని అసలు పని. లంకల్లో చేపలు పట్టి బతికే వడ్డీ కులస్థులు బతుకును దానికి తగ్గట్టే అమర్చుకున్నారు. నీరున్నప్పుడు తాటిదోనెలు, చేపలు పట్టే మావులు. నీరు తీశాక అదే నేలలో వరి.

సర్కారుకు మాత్రం అది సగం ఏడాది ఊరికే పడివున్న నేల.

1970ల్లో లంకల పేదలకు ఉపాధి పేరిట సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ లాభం కనబడ్డాక చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతుల్లోకి జారాయి. బొచ్చె, శీలావతి చేపలు లారీలకెక్కాయి. వరద పట్టే చోట గట్లు లేచాయి. సరస్సు ఇచ్చేవాటిలో అమ్ముకోగలిగిన ఒక్కదాని కోసం, ధర కట్టని మిగతావన్నీ పణంగా పెట్టారు.

1999లో ఐదడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట పొక్లెయిన్లు గట్లు తెంచాయి. ఒకనాడు తవ్వమన్న ప్రభుత్వమే ఇప్పుడు పగలగొట్టింది! రెండేళ్లకే హద్దును మూడడుగులకు కుదించాలని అసెంబ్లీ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం ఐదే ఉండాలంది. ఈ గొడవ నడుమే కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు గూళ్లు కడుతూనే ఉన్నాయి, టూరిస్టులు ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. కుండపోత వాన, గండ్లు, ఆక్రమణలు, ఇలా కారణాలు చాలా. నేరమంతా కొల్లేటి గట్ల మీద మోపడం సబబు కాదు. అయితే ఆ నీళ్లు చివరికి చేరాల్సింది కొల్లేటికే. కాబట్టి ఐదా, మూడా అన్న పంచాయితీ కంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది: వరద రోజున గట్టు అడ్డులేని నేల అక్కడ ఎంత మిగిలి ఉంటుందన్నది.