ఈరీ సరస్సున నౌకాభంగము: అబిగైల్ బెకర్ సాహసము

పూరీ సముద్రతీరమున అలలలో చిక్కుకొనిన యాత్రికులను గట్టెక్కించు నోలియాలలో పెక్కుమంది ఇంట తెలుగు మాటాడు మత్స్యకారులు. వారి పనిని ఎరిగిన మనకు ఒక సంగతి విశదమే. నీటిలో పడినవానికి మొదట అందునది ఒడ్డున నున్నవాని చేయి. తక్కిన సహాయములన్నియు ఆ తరువాతివి. ఇందుకు దూరదేశపు నిదర్శనమొకటి 1854లో కెనడాయందు, ఈరీ సరస్సు తీరమున కనబడినది.

ఈరీని సరస్సు అనుటయేగాని, అది సుమారు 388 కిలోమీటర్ల పొడవుగల జలరాశి. ఉత్తర అమెరికాలోని ఐదు మహాసరస్సులలో లోతు తక్కువైనది ఇదియే. సగటు లోతు సుమారు 19 మీటర్లు. అందుచేత గాలి హెచ్చినంతనే అలలు దగ్గర దగ్గరగా, నిట్టనిలువుగా లేచును. ఉత్తరపుటొడ్డు నుండి లాంగ్ పాయింటు అను ఇసుకతిన్నె సుమారు 40 కిలోమీటర్లు సరస్సులోనికి చొచ్చుకొనిపోయినది. దాని చుట్టునున్న మెరకల తాకిడికి చెడిన ఓడలు అనేకము.

1829లో వెల్లండు కాలువ తెరచిన పిమ్మట ఈ సరస్సుపై వర్తకము పెరిగెను. సరకులు మోయుటకు స్కూనరులు అనువైనవి. ముందు వెనుకలుగా తెరచాపలు కట్టిన ఈ ఓడలను కొలదిమంది నావికులే నడుపగలరు. అట్టి స్కూనరులలో ఒకటియగు 'కండక్టరు' 1854 నవంబరులో మొక్కజొన్న వేసికొని ఆమ్హెర్స్ట్‌బర్గు నుండి బయలుదేరి, రాత్రి తుఫానులో లాంగ్ పాయింటు వద్ద మెరకపట్టెను. కెప్టెను హెన్రీ హాకెట్టు, మరి ఏడుగురు నావికులు కొయ్యల త్రాళ్ళ నెక్కి, గడ్డకట్టు చలిలో తెల్లవారువరకు వ్రేలాడిరి.

ఆ తిన్నెమీద ఒక చెక్కగుడిసెలో అబిగైల్ బెకర్ అను గృహిణి పిల్లలతో నుండెను. ఆమెకు ఇరువదియైదేండ్లు నిండలేదు. భర్త జెరెమయా జంతువులను ఉచ్చులతో పట్టి చర్మములమ్మి బ్రదుకువాడు. అప్పుడతడు ఇంట లేడు. ఉదయమున నీటికై వచ్చిన ఆమెకు ఒడ్డున ఓడకు చెందిన చిన్న పడవ కనబడెను. తీరము వెంబడి నడచిపోగా త్రాళ్ళను పట్టుకొనియున్న మనుష్యులు కనబడిరి.

ఆమెకు ఈత రాదు, పడవ లేదు. ఆమె చేసిన మొదటిపని పిల్లలచే కట్టెలు తెప్పించి నిప్పు రగిల్చుట. తేనీరు కాచి ఉంచెను. తరువాత నీటిలోనికి దిగి, రమ్మని చేతులతో సైగచేసెను. కెప్టెను ముందు దుమికెను. అలలు అతనిని వెనుకకు లాగుచుండగా ఆమె గొంతుమట్టు నీటిలోనికి పోయి పట్టుకొని ఈడ్చుకొనివచ్చెను. ఇట్లు ఒకరి తరువాత నొకరుగా ఏడుగురు గట్టుచేరిరి. వంటవానికి ఈత రాదు. అతడు మరొక రాత్రి కొయ్యకు కట్టుకొనియే గడపెను. మరునాడు గాలి తగ్గగా తోటివారు తెప్ప కట్టి అతనిని ప్రాణములతో దించిరి.

విక్టోరియా రాణి ఆమెకు 50 పౌనులు పంపెను. న్యూయార్కు ప్రాణరక్షక ధర్మసంఘము బంగారు పతకమిచ్చెను. బఫెలో పట్టణమున వసూలైన చందాలతో ఆ కుటుంబము ఒక వ్యవసాయక్షేత్రము కొనెను. అయినను 1864లో జెరెమయా లాంగ్ పాయింటు మీదనే చలికి బలియయ్యెను. అబిగైల్ 1905లో మరణించెను.

ఈమెను వీరనారిగా కీర్తించువారు సాధారణముగా ఆమె దేహబలమును ముందు చెప్పుదురు. బలము నిజమే. కాని నావికులకు నీటిలో దుముకు ధైర్యమునిచ్చినది ఒడ్డున మండుచున్న నిప్పు, దాని ముందు తమకొరకు నిలిచిన ఒక మనిషి. రాత్రియంతయు ఎవరికిని కానరాక వ్రేలాడినవారికి తమ్ము చూచినవారొకరు కలరని తెలియుటయే సగము రక్షణము. తక్కిన సగమునకు ఆమె వెచ్చించినది ఇంట నిత్యము చేయు పనులే: కట్టెలు, నిప్పు, వేడినీరు. తీరములందు నివసించు మనవారి చరిత్రను వ్రాయునపుడు ఓడలను, రేవులను, వర్తకులను లెక్కించుచున్నాము. ఒడ్డున నిప్పు రగిల్చి నిలిచిన పేదయిండ్లను కూడ ఆ లెక్కలో చేర్చవలెను.