పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణ బోధన: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• సూత్రాలను ముందుగా నేర్పే పద్ధతి మన బడుల్లో ఎందుకు స్థిరపడిందో వివరించగలుగుతారు.
• నిర్మాణ పద్ధతికీ, బెంగళూరు–మద్రాసు ప్రయోగానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామంది బడిలో నామవాచకం నిర్వచనాన్ని ఇంగ్లీషులో కంఠస్థం చేసే ఉంటారు. ఎనిమిది భాషాభాగాల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలరు. కాని నలుగురిలో రెండు వాక్యాలు ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే నోరు పెగలదు. ఇది మీ ఒక్కరి లోపం కాదు. దీని వెనుక సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడుగునా వినిపించే ప్రశ్న ఒక్కటే: పిల్లలకు సూత్రం ముందా, వాడుక ముందా?

2. లాటిన్ మూసలో ఇంగ్లీషు

18వ శతాబ్దపు ఇంగ్లండులో వ్యాకరణానికి ఆదర్శం లాటిన్. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లే మరే రాసిన ఇంగ్లీషు వ్యాకరణాలు చాలావరకు ఆ చట్రంలోనే నడిచాయి. మరే తన పుస్తకాన్ని యార్క్‌లోని ఒక బాలికల పాఠశాల కోసం రాశాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ బాలికలకు ఇంగ్లీషు మాతృభాష. వ్యాకరణం వాళ్లకు కొత్తగా భాష నేర్పలేదు, వచ్చిన భాషను దిద్దింది. అదే నమూనా మన దేశానికి వచ్చేసరికి, ఇంకా రాని భాషను దిద్దే పని మొదలైంది.

3. పరీక్షలు, పుస్తకాలు

1835లో మెకాలే నివేదిక, 1854లో ఉడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన వరసగా ఇంగ్లీషును ఉద్యోగానికి ద్వారంగా నిలబెట్టాయి. ఆ ద్వారం దగ్గర పరీక్ష ఉంది. నిర్వచనం, పదవిశ్లేషణ, తప్పొప్పులు వంటి ప్రశ్నలకు మార్కులు వేయడం సులభం. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడలేని ఉపాధ్యాయుడు కూడా సూత్రాన్ని ధీమాగా చెప్పగలడు. 1890లలో నెస్‌ఫీల్డ్ పుస్తకాలు, 1930లలో రెన్, మార్టిన్‌ల పుస్తకం ఇందుకే వేళ్లూనుకున్నాయి.

తెలుగు బోధనలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1858లో వెలువడిన చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ పేరులో బాలలున్నా, లోపలివి పండితులు వ్యాఖ్యానించవలసిన సూత్రాలే. 20వ శతాబ్దం తొలి దశకంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ ప్రజలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని ప్రశ్నించారు. గిడుగు రామమూర్తి, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ చర్చను ముందుకు తీసుకువెళ్లారు. బడిలో భాష వాడుకతో మొదలుకావాలన్న వాదం మనకు కొత్తదేమీ కాదన్నమాట.

4. నిర్మాణ పద్ధతి

1950లలో మద్రాసు రాష్ట్రంలో నిర్మాణ పద్ధతి పెద్దఎత్తున అమలైంది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. ఈ పద్ధతిలో నిర్వచనాలు వెనక్కి వెళ్లి వాక్య నమూనాలు ముందుకు వచ్చాయి. ఉపాధ్యాయుడు తలుపు తీస్తూ ‘ఐ యామ్ ఓపెనింగ్ ద డోర్’ అంటాడు, పిల్లలు అనుకరిస్తారు. ఒక్కో నమూనాను సులభం నుంచి కఠినానికి పేర్చారు.

ఇది పెద్ద ముందడుగు. తెలుగులో ‘ఆయన డాక్టరు’ అంటే వాక్యం పూర్తయిపోతుంది, క్రియ అక్కరలేదు. అందుకే మన పిల్లలు ‘హి డాక్టర్’ అంటారు. ‘ఈజ్’ వినివిని నాలుకకు అలవాటు కావాలి. అయితే తలుపు తీయడం అందరూ చూస్తూనే ఉన్నారు, దాన్ని నోటితో చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు. చెప్పవలసిన అవసరం లేని వాక్యం తరగతి దాటి బయటకు రావడం కష్టం.

5. బెంగళూరు–మద్రాసు ప్రయోగం

ఈ లోపాన్ని గుర్తించిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలల్లో కొత్త ప్రయోగం నడిపారు. వ్యాకరణాంశాల పట్టిక లేదు. రైళ్ల సమయపట్టిక ఇచ్చి ఏ బండి ముందు చేరుతుందో చెప్పమంటారు, పటం ఇచ్చి దారి కనుక్కోమంటారు. తరగతి మొత్తం ఒక సమస్యను ఉపాధ్యాయునితో కలిసి చర్చించాక, అలాంటిదే మరొకటి పిల్లలు ఎవరికి వారు చేస్తారు. బుద్ధి అర్థం మీద ఉన్నప్పుడే వ్యాకరణం లోలోపల కుదురుకుంటుందని ప్రభు ప్రతిపాదన.

తరువాత అలన్ బెరెట్టా, అలన్ డేవీస్ దీన్ని మూల్యాంకనం చేశారు. స్థూలంగా, నిర్మాణ పద్ధతి పిల్లలు వ్యాకరణ నిర్మాణాల పరీక్షలోనూ, ప్రయోగంలోని పిల్లలు పనుల పరీక్షలోనూ మెరుగనిపించారు. ఏమి నేర్పితే అది వస్తుంది. కాబట్టి ఏమి నేర్పాలన్నది ముందే తేల్చుకోవాలి.

6. సారాంశం

సూత్రం శత్రువు కాదు. పదిసార్లు విని, ఒక అవసరం కోసం వాడిన తరువాత సూత్రం చెబితే పిల్లవాడికి అది తెలిసిన దారికి పటంలా ఉపయోగపడుతుంది. దారే తెలియనివాడికి ముందుగా పటం ఇచ్చి పరీక్ష పెట్టడమే పాత పద్ధతి. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, ఇంకెందరో తల్లిదండ్రులవుతారు. పిల్లలను నిర్వచనం అడిగే ముందు, ఆ మాటతో ఏదైనా చెప్పే అవకాశం ఇచ్చామా అని ఆలోచించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మాతృభాషగా ఇంగ్లీషు వచ్చినవారి కోసం రాసిన వ్యాకరణం మన పిల్లలకు ఎందుకు సరిపోలేదు?
2. పరీక్షా విధానం సూత్రబోధనను ఎలా బలపరిచింది?
3. మీ ఊరి బస్సుల వేళలను ఆధారం చేసుకుని ఐదో తరగతి పిల్లలకు ఒక పనిని తయారుచేయండి.