తీర్పు నుంచి ఒప్పందానికి: బ్యాంకు ఉద్యోగుల వేతన చర్చల చరిత్ర

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో గుమాస్తా జీతాన్ని ఇవాళ ఏ బ్యాంకూ ఒంటరిగా నిర్ణయించదు. బ్యాంకుల పక్షాన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ (ఐబీఏ), ఉద్యోగుల పక్షాన సంఘాలు ఎదురెదురుగా కూర్చుని ద్వైపాక్షిక ఒప్పందం కుదుర్చుకుంటాయి. జీతం, కరువు భత్యం, సెలవులు, క్రమశిక్షణ చర్యల పద్ధతి అన్నీ అందులోనే ఉంటాయి. ఈ ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. దానికి ముందు ఇరవై ఏళ్లపాటు ట్రిబ్యునళ్ల తీర్పుల కాలం నడిచింది.

అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం (ఏఐబీఈఏ) 1946 ఏప్రిల్ 20న కలకత్తాలో పుట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో యాజమాన్యాలు ఐబీఏను ఏర్పాటు చేసుకున్నాయి. మరుసటి ఏడాది వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం, తగాదా తెగనప్పుడు దాన్ని ట్రిబ్యునల్‌కు అప్పగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. బ్యాంకుల వివాదం కూడా ఆ దారే పట్టింది. జస్టిస్ కె.సి. సేన్ ట్రిబ్యునల్ 1950లో తీర్పు ఇస్తే, ట్రిబ్యునల్ ఏర్పాటులోనే లోపం ఉందంటూ 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పంచాపకేశ శాస్త్రి ట్రిబ్యునల్ 1953లో మరో తీర్పు ఇచ్చింది. దానిపై అప్పీళ్లు వెళ్లగా, 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తన నిర్ణయం ప్రకటించింది. ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది.

అప్పుడు కార్మిక మంత్రి వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన ఈ తెలుగువాడు రైల్వే కార్మికోద్యమంలో పనిచేసి, 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ)కి అధ్యక్షుడైనవాడు. సవరణను ఒప్పుకోలేక ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. నిర్బంధంగా మూడో మనిషి చేత తీర్పు చెప్పించడం కంటే ఉభయులూ మాట్లాడుకుని తేల్చుకోవడమే మేలన్నది ఆయన మొదటినుంచీ నమ్మిన మాట. చివరకు ప్రభుత్వం నియమించిన గజేంద్రగడ్కర్ కమిషన్ అప్పిలేట్ నిర్ణయాన్ని చాలావరకు బలపరచగా, 1955లో పార్లమెంటు చట్టంతో ఆ గొడవ సద్దుమణిగింది. తీర్పును కోర్టు కొట్టేయవచ్చు, ప్రభుత్వం మార్చవచ్చు అని ఆ ఐదేళ్లు ఉద్యోగులకు నేర్పాయి.

1962లో దేశాయ్ ట్రిబ్యునల్ మరో తీర్పు ఇచ్చింది. ఆ తరువాతే ఉభయులూ నేరుగా చర్చలకు దిగారు. 1966 అక్టోబరు 19న మొదటి ద్వైపాక్షిక ఒప్పందంపై సంతకాలయ్యాయి. శాస్త్రి, దేశాయ్ తీర్పుల్లోని అంశాలు చాలా అందులోకి వచ్చాయి. విచారణ ఎదుర్కొనే ఉద్యోగి యూనియన్ ప్రతినిధి చేత వాదన వినిపించుకునే హక్కు వాటిలో ఒకటి. అయితే ఈసారి ఆ మాటల కింద ఉన్నది రెండు పక్షాల సంతకం.

ఈ సంతకానికి బలం చట్టం నుంచి వచ్చింది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఒప్పందం దానిపై సంతకం చేసినవారిని కట్టిపడేసేది. 19వ సెక్షన్ ప్రకారం గడువు తీరినంత మాత్రాన అది చెల్లకుండా పోయేది కాదు. ముగిస్తున్నట్టు ఒక పక్షం నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేదాకా నిలిచే ఉండేది. అందుకే కొత్త ఒప్పందం ఆలస్యమైనా పాత సదుపాయాలు ఆగిపోయేవి కావు.

కాలంతోపాటు చర్చల విషయాలూ పెరిగాయి. యంత్రాలొస్తే కొలువులు పోతాయన్న భయం ఉన్న రోజుల్లో, 1983 సెప్టెంబరు 8న కంప్యూటరీకరణపై ఒప్పందం కుదిరింది. యంత్రాలను ఏ పనులకు, ఏ మేరకు వాడాలో అందులో రాసుకున్నారు. 1993 అక్టోబరు 29 నాటి ఒప్పందంతో, భవిష్యనిధిలో యాజమాన్యం వాటాకు బదులుగా పింఛను వచ్చింది. అప్పట్లో పింఛను ఎంచుకోనివారికి 2010లో మరో అవకాశం దొరికింది. నెలలో రెండో, నాలుగో శనివారాల సెలవు 2015 ఒప్పందం ఫలితం.

ఈ రక్షణకు హద్దులూ ఉన్నాయి. ఐబీఏకు అధికారం ఇచ్చిన బ్యాంకులకే ఒప్పందం వర్తిస్తుంది. 1990ల నుంచి వచ్చిన కొత్త ప్రైవేటు బ్యాంకులు దాని బయటే ఉన్నాయి. ఏజెన్సీల ద్వారా పనిచేసే కాంట్రాక్టు సిబ్బందికీ అది అందదు. చర్చలు సాగదీతకు గురవుతాయి. 2017 నవంబరు నుంచి వర్తించాల్సిన పదకొండో ఒప్పందంపై 2020 నవంబరులో గానీ సంతకాలు కాలేదు. 17 శాతం పెంపుతో పన్నెండోది 2024 మార్చి 8న కుదిరింది. అదే సందర్భంలో అంగీకారానికి వచ్చిన వారానికి ఐదు రోజుల పని మాత్రం ప్రభుత్వ అనుమతికి ముడిపడింది.

1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌ను యాజమాన్యం ఏకైక చర్చల ప్రతినిధిగా గుర్తించాలని అది చెబుతోంది. ఏ యూనియన్‌కూ అంత బలం లేకపోతే, 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. ఈ కొత్త నియమాల నడుమే పన్నెండో ఒప్పందం గడువు 2027 అక్టోబరు 31తో ముగుస్తుంది.